ఏడాది మధ్యలో హెచ్‌ఎస్‌ఏ తెరిస్తే ఆ ఏడాదికి ఎంత వేయొచ్చు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. 2025 ఆగస్టు చివర్లో డాలస్‌లో కొత్త ఉద్యోగంలో చేరారు. పాత కంపెనీలో మామూలు పీపీఓ ఇన్సూరెన్స్ ఉండేది. కొత్త కంపెనీలో మీకూ, మీ ఆవిడకూ, పాపకూ కలిపి హై డిడక్టిబుల్ ప్లాన్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యేలోపు మన జేబులోంచి ఎక్కువ కట్టాల్సిన ప్లాన్) సెప్టెంబర్ 1న మొదలైంది. హెచ్‌ఎస్‌ఏ ఖాతా (ఇలాంటి ప్లాన్ ఉన్నవాళ్లు వైద్యానికని పన్ను లేకుండా డబ్బు దాచుకునేది) మాత్రం అక్టోబర్ రెండో వారంలో తెరిచారు. హెచ్‌ఆర్ పోర్టల్ చూస్తే 2025కి 8,550 డాలర్ల దాకా వేసుకోమంటోంది. ఆఫీసులో ఒకరేమో ఖాతా తెరిచిన మూడు నెలలకే లెక్క అంటున్నారు, ఇంకొకరు మొత్తం వేసేయొచ్చు అంటున్నారు. పైగా 2026 జూలైలో ఇండియా వెళ్లిపోయే ఆలోచన కూడా ఉందన్నారు.

ముందు సూటిగా సమాధానం. ఏ షరతూ లేకుండా మీరు వేసుకోగలిగేది 2,850 డాలర్లు. డిసెంబర్ 1న కూడా ఇదే ప్లాన్‌లో ఉంటే 8,550 మొత్తం వేసుకోవచ్చు, కానీ అప్పుడు 2026 డిసెంబర్ 31 దాకా హెచ్‌ఎస్‌ఏకి అర్హత పోకుండా చూసుకోవాలి. రెండు అంకెల్లోనూ మీ కంపెనీ వేసే 500 కలిసే ఉంటుంది. ఇండియా వెళ్లే ఆలోచన గట్టిదే అయితే నేను మీకు ప్రస్తుతానికి 2,850 దగ్గర ఆగమనే చెబుతాను. మిగతాది వేయాలా వద్దా అని తేల్చుకోవడానికి 2026 ఏప్రిల్ 15 దాకా టైముంది. ఎందుకో కింద రాస్తున్నాను, కొంచెం పొడుగే అవుతుంది.

మొదట ఆ మూడు నెలల మాట. అది తప్పు, అయినా చాలామంది అలాగే అనుకుంటారు. ఎంత వేయొచ్చు అన్నది ఖాతా ఎప్పుడు తెరిచారన్న దాన్ని బట్టి ఉండదు. ఏ ఏ నెలల మొదటి తేదీన మీరు హై డిడక్టిబుల్ ప్లాన్‌లో ఉన్నారు, ఆ రోజున అడ్డొచ్చే వేరే కవరేజ్ ఏదీ లేకుండా ఉన్నారా అన్నదే లెక్క. మీకు సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, డిసెంబర్ అని నాలుగు నెలలు వస్తాయి. 2025కి ఫ్యామిలీ కవరేజ్ పరిమితి 8,550, ఒక్కరికే అయితే 4,300. కాబట్టి 8,550ని పన్నెండుతో భాగించి నాలుగుతో గుణిస్తే 2,850. ఖాతా డిసెంబర్‌లో తెరిచి ఉన్నా, ఆ మాటకొస్తే వచ్చే మార్చిలో తెరిచి 2025 కింద వేసినా ఇదే అంకె. ఇన్సూరెన్స్ సెప్టెంబర్ 1న కాకుండా 2న మొదలై ఉంటే మాత్రం ఆ నెల పోయేది, మూడు నెలలే మిగిలేవి.

ఖాతా తెరిచిన తేదీకి విలువ లేదని కాదు, అది ఇంకో చోట పనికొస్తుంది. ఖాతా ఏర్పడక ముందు జరిగిన వైద్యానికి హెచ్‌ఎస్‌ఏ డబ్బు వాడకూడదు. సెప్టెంబర్‌లో పాపని పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి ఉంటే, ఆ బిల్లు నవంబర్‌లో చేతికొచ్చినా సరే, వైద్యం జరిగిన తేదీనే చూస్తారు. నా దగ్గరికి వచ్చే ఒకావిడకి ఆగస్టులో ప్లాన్ మొదలైంది, సెప్టెంబర్‌లో గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయింది, ఖాతా నవంబర్‌లో తెరిచింది. ఆస్పత్రి బిల్లు వాయిదాల్లో కట్టుకుంటోంది, అది హెచ్‌ఎస్‌ఏ కార్డు మీద గీకేద్దామా అని కట్టే ముందు అడగబట్టి సరిపోయింది. కట్టేసి ఉంటే ఆ మొత్తం ఆదాయంలో కలిసేది, దాని మీద ఇంకో 20 శాతం అదనపు పన్ను పడేది. అందుకే ఉద్యోగం మారేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఇన్సూరెన్స్ మొదలైన రోజే ఖాతా తెరిచి కొద్ది డాలర్లయినా వేసి పెట్టండి, మిగతాది తీరిగ్గా వేసుకోవచ్చు. అన్నట్టు మీకు ఇదివరకే ఎక్కడైనా పాత హెచ్‌ఎస్‌ఏ ఉందా? కొత్తది తెరవడానికి ముందు 18 నెలల్లో ఎప్పుడైనా ఆ పాత ఖాతాలో డబ్బుంటే, కొత్త ఖాతా కూడా ఆ పాత తేదీనే ఏర్పడినట్టు లెక్కేస్తారు. కాబట్టి ఉద్యోగం మారినప్పుడల్లా పాత ఖాతా ఖాళీ చేసి మూసేయకండి, కొంచెం ఉంచండి.

ఇక 8,550 సంగతి. దీన్ని లాస్ట్ మంత్ రూల్ అంటారు. డిసెంబర్ 1న మీకు అర్హత ఉంటే, ఏడాదంతా అర్హత ఉన్నట్టే చూస్తారు, అదీ డిసెంబర్ 1న ఏ రకం కవరేజ్ ఉందో ఆ రకానికే. మీది ఫ్యామిలీ కాబట్టి పూర్తి ఫ్యామిలీ పరిమితి. దీనికి బదులుగా టెస్టింగ్ పీరియడ్ ఒకటి పెట్టారు. డిసెంబర్ 1, 2025 నుంచి డిసెంబర్ 31, 2026 దాకా అర్హత నిలబడాలి. నిలబడకపోతే, ఈ రూల్ వల్ల అదనంగా వేసినదెంతో అంత, మీ విషయంలో 5,700, అర్హత పోయిన ఏడాది ఆదాయంలో కలుస్తుంది. పైన 10 శాతం అదనపు పన్ను. చనిపోయినా, వికలాంగులైనా తప్ప మినహాయింపు లేదు. ఉద్యోగం తీసేశారు, వీసా అయిపోయింది, కంపెనీ ప్లాన్ మార్చేసింది అన్నా ఒప్పుకోరు.

మీలో చాలామందికి తెలియనిది ఇక్కడుంది. ఈ అర్హత పోవడం అంటే ఇన్సూరెన్స్ పోవడం ఒక్కటే కాదు. కింద రాసినవన్నీ నేను రిటర్నులు చేస్తూ చూసినవే.

కొత్త ఉద్యోగంలో చేరి అక్కడ పీపీఓ తీసుకుంటే అర్హత పోతుంది. మీ ఆవిడకి హెచ్4 ఈఏడీ (పని చేసుకునే అనుమతి) వచ్చి ఉద్యోగంలో చేరి, ఆవిడ కంపెనీ పీపీఓలో మిమ్మల్ని కూడా చేరిస్తే పోతుంది. ఆవిడ తనొక్కర్తికే పీపీఓ తీసుకుంటే మీకేం కాదు. ఆవిడ తన కంపెనీలో మామూలు హెల్త్ ఎఫ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకని జీతంలోంచి పన్నుకి ముందు పక్కన పెట్టే కంపెనీ ఖాతా) తీసుకుంటే మాత్రం మీకు అర్హత పోతుంది, ఎందుకంటే భార్య ఎఫ్‌ఎస్‌ఏ నుంచి భర్త ఖర్చులు కూడా కట్టుకోవచ్చు కాబట్టి దాన్ని మీకున్న వేరే కవరేజ్‌గానే చూస్తారు. మీరు ఒక్క రూపాయి బిల్లు దాని మీద పెట్టకపోయినా అంతే. కళ్లకీ పళ్లకీ మాత్రమే పనికొచ్చే లిమిటెడ్ పర్పస్ ఎఫ్‌ఎస్‌ఏ అయితే ఫరవాలేదు, పిల్లల డేకేర్ కోసం పెట్టే డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏతో కూడా ఏ ఇబ్బందీ లేదు.

ఈ ఎఫ్‌ఎస్‌ఏ దెబ్బ ఎంత తీవ్రంగా ఉంటుందో ఒక జంట విషయంలో చూశాను. భర్తకి జూలై నుంచి హై డిడక్టిబుల్ ప్లాన్, భార్యకి వేరే కంపెనీలో జనవరి నుంచి డిసెంబర్ దాకా ఎఫ్‌ఎస్‌ఏ. భర్త ఆరు నెలల వాటా లెక్క కట్టుకుని జాగ్రత్తగానే వేశాడు, లెక్కలో తప్పేం లేదు. కానీ భార్యకి ఎఫ్‌ఎస్‌ఏ ఉన్నన్నాళ్లూ అతనికి ఒక్క నెల కూడా అర్హత లేదు, డిసెంబర్ 1న కూడా లేదు, అంటే లాస్ట్ మంత్ రూల్ కూడా ఆదుకోదు. వేసినదంతా ఎక్కువ వేసినట్టే. మార్చిలో ఇద్దరి డబ్ల్యూ-2లూ (ఏడాది జీతం, పన్నుల లెక్కతో కంపెనీ ఇచ్చే కాగితాలు) పక్కపక్కన పెట్టుకుని అడుగుతుంటే బయటపడింది, ఏప్రిల్ 15లోపు వెనక్కి తీయించాం. మీ పాత కంపెనీలో మీకు గానీ ఎఫ్‌ఎస్‌ఏ ఉండి ఉంటే అది ఉద్యోగంతో పాటే ఆగస్టులో ఆగిపోయిందో లేదో ఒకసారి చూసుకోండి.

మరి 10 శాతం దెబ్బకి భయపడి ఆగిపోవాలా? ఇక్కడ నా అభిప్రాయం చాలామంది చెప్పేదానికి వేరుగా ఉంటుంది, అందుకే లెక్క వేసి చూపిస్తాను. మీరు ఇన్‌కమ్ టాక్స్‌లో 22 శాతం స్లాబులో ఉన్నారనుకుందాం, జీతం 2025లో సోషల్ సెక్యూరిటీ పన్ను పడే పరిమితి 176,100 లోపే అనుకుందాం. అదనపు 5,700 పేరోల్ ద్వారా, అంటే జీతంలోంచే కోయించి, వేస్తే ఇన్‌కమ్ టాక్స్ 1,254 మిగులుతుంది. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (పెద్దవాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్) పన్నులు కలిపి 7.65 శాతం, అంటే దగ్గరదగ్గర 436 మిగులుతుంది. మొత్తం 1,690. వచ్చే ఏడాది అర్హత పోయిందనుకోండి, 5,700 ఆదాయంలో కలిసి 1,254 కట్టాలి, 10 శాతం కింద 570 కట్టాలి, మొత్తం 1,824. ఆ 436 మాత్రం వెనక్కి అడగరు. అంటే నిజంగా మీకు పోయింది 134 డాలర్లు. జూలైలో వెళ్లిపోతే 2026లో అమెరికా జీతం సగమే ఉంటుంది కాబట్టి స్లాబు 12కి దిగొచ్చు, అప్పుడు పోయేది కూడా ఏమీ ఉండకపోవచ్చు.

అంటే భయపడాల్సింది ఆ పది శాతానికి కాదు. డబ్బు ఇరుక్కుపోవడానికి. టెస్టింగ్ పీరియడ్ తప్పినంత మాత్రాన ఆ 5,700 ఖాతాలోంచి మీ చేతికి రాదు, అక్కడే ఉంటుంది. వైద్యానికి వాడితే ఎప్పుడైనా పన్ను లేదు. ఇంకే అవసరానికి తీసినా 65 ఏళ్ల లోపైతే పన్నుతో పాటు 20 శాతం. అది కూడా ఒకసారి ఆదాయంలో కలిపి పన్ను కట్టిన డబ్బు మీదే మళ్లీ కట్టడం. అమెరికాలోనే ఉండి పీపీఓకి మారేవాళ్లకి ఇది పెద్ద సమస్య కాదు, కోపేలకీ, పంటి పనులకీ, కళ్లద్దాలకీ ఒకటి రెండేళ్లలో వాడేసుకుంటారు. ఇల్లూ కారూ అమ్మేసి వెళ్లిపోయే మనిషికి డాలర్లు అవసరమయ్యే సమయంలో ఆరు వేలు అక్కడ కూర్చుంటే కష్టం.

కాబట్టి ఉద్యోగం మారతానేమో అన్న టెన్షన్ ఒక్కటే అయితే, నేను పేరోల్‌లోనే మొత్తం వేసేయమంటాను. ఇండియా వెళ్లడం దాదాపు ఖాయం అయితే 2,850తో ఆపమంటాను. మీరు రాసినదాన్ని బట్టి మీది రెండిటి మధ్యలో ఉంది, అందుకే ఏప్రిల్ దాకా ఆగమన్నాను. 2025 కింద వేసుకోవడానికి 2026 ఏప్రిల్ 15 దాకా గడువుంది, అప్పటికి మీ వీసా పొడిగింపు సంగతీ, ప్రాజెక్టు సంగతీ ఇప్పటికంటే బాగా తెలుస్తుంది. దీనికీ ఒక నష్టం ఉంది, అది కూడా చెప్పాలి. ఏప్రిల్‌లో వేసేది మీ బ్యాంకు ఖాతా నుంచి నేరుగా వేయాలి, పేరోల్ ద్వారా సాధారణంగా కుదరదు. ఇన్‌కమ్ టాక్స్ మినహాయింపు వస్తుంది కానీ ఆ 7.65 శాతం రాదు. అలా వేశాక కూడా అర్హత పోతే అప్పుడు పోయేది 134 కాదు, 570. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఓపీటీలో (చదువుకి సంబంధించి చేసుకోనిచ్చే ఉద్యోగంలో) ఉండి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను పడని పిల్లలు ఇది చదువుతుంటే మీకు ఈ తేడా లేదు, పేరోల్ అయినా బ్యాంకు నుంచైనా ఒకటే, నిశ్చింతగా ఏప్రిల్ దాకా ఆగొచ్చు.

ఇండియా వెళ్లాక ఆ ఖాతా పనికిరాదని కొందరు రాస్తుంటారు, అది నిజం కాదు. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఆస్పత్రిలో చూపించుకున్నా, పళ్లు కట్టించుకున్నా, అది అమెరికాలో వైద్య ఖర్చుగా ఒప్పుకునేదే అయితే హెచ్‌ఎస్‌ఏ నుంచి తీసుకోవచ్చు, మీకూ, మీ ఆవిడకూ, పాప అమెరికా పౌరురాలైతే తనకూ. డాక్టర్ చీటీ మీద అక్కడ కొని అక్కడే వాడిన మందు రెండు దేశాల్లోనూ చట్టబద్ధమైనదైతే అదీ కలుస్తుంది. రసీదులు పేరుతో, తేదీతో దాచుకోండి, ఎప్పుడు తీసుకోవాలన్న గడువు లేదు. ఇండియాలో ఉండే అమ్మానాన్నల ఖర్చుకి మాత్రం మామూలుగా వాడకూడదు, అమెరికా పన్ను చట్టంలో వాళ్లు మీ డిపెండెంట్లు అవడానికి ముందు అమెరికా పౌరులైనా, అమెరికాలోనో, కెనడా, మెక్సికోల్లోనో రెసిడెంట్లైనా అయి ఉండాలి. విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు ఉండి వెళ్లేవాళ్ల బిల్లులు దాదాపు ఎప్పుడూ ఇందులోకి రావు. మీరు విదేశీ చిరునామాకి మారితే ఖాతా నడిపే సంస్థ ఒప్పుకుంటుందో లేదో వెళ్లే ముందే అడగండి, కొన్ని ఒప్పుకోవు, అప్పుడు ఒప్పుకునే చోటికి ఇక్కడున్నప్పుడే బదిలీ చేసుకోవడం సులువు.

ఈమధ్యే అచ్చం మీలాంటి కేసే ఒకటి వచ్చింది. ఒంటరి అబ్బాయి, 2024 అక్టోబర్ 1న ప్లాన్ మొదలైంది, ఆ ఏడాది పూర్తి పరిమితి 4,150 వేసేశాడు. అతని మూడు నెలల వాటా 1,037.50 మాత్రమే. 2025 మేలో హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. మిగతా 3,112.50 అతని 2025 రిటర్నులో ఆదాయంగా కలుస్తుంది, అదనపు పన్ను 311.25. అతను చేయబోయింది ఏమిటంటే, తప్పు సరిదిద్దుకుందామని ఆ 3,112.50 ఖాతాలోంచి తీసేయబోయాడు. నేను ఆపించాను. టెస్టింగ్ పీరియడ్ తప్పితే డబ్బు వెనక్కి తీయడం పరిష్కారం కాదు. అది ఎక్కువ వేసినట్టు కాదు, వేసినప్పుడు సరైనదే. తీస్తే అది వైద్యం కాని ఖర్చుగా లెక్కకొచ్చి ఇంకో 20 శాతం పడుతుంది. ఖాతాలో ఉండనిచ్చి, ఫారం 8889 మూడో భాగంలో చూపించి, పన్ను కట్టేయడమే పద్ధతి.

ఈ కేసులో ఇంకో సంగతి కూడా ఉంది, మీకు తప్పక వర్తిస్తుంది. మధ్యలో వెళ్లిపోతే వెళ్లిన ఏడాది పరిమితి కూడా నెలల లెక్కకి దిగుతుంది, ఆ డిసెంబర్ 1న మీకు అర్హత ఉండదు కదా. 2026కి ఫ్యామిలీ పరిమితి 8,750. జూన్ నెలాఖరుకి మీ ప్లాన్ ఆగిపోతే ఆరు నెలల వాటా 4,375. జనవరిలోనే మొత్తం ఒకేసారి వేసేసుకుంటే సగం ఎక్కువ వేసినట్టవుతుంది. నెలనెలా కొంచెం కొంచెం వేయండి. హెచ్‌ఎస్‌ఏ వాటా మార్చుకోవడానికి పెళ్లో, పురుడో లాంటి కారణం అక్కర్లేదు, పేరోల్‌లో కనీసం నెలకోసారి మార్చుకోనివ్వాలి.

నిజంగా ఎక్కువ వేసినప్పుడు, అంటే మీరు డిసెంబర్ 1 లోపే ప్లాన్ వదిలేసి కూడా మొత్తం వేశారనుకోండి, అది వేరే దారి. అలా ఉన్నన్నేళ్లూ ఏడాదికి 6 శాతం పడుతుంది, ఫారం 5329లో. ఏప్రిల్ 15లోపు, ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే అక్టోబర్ దాకా, ఆ ఎక్కువ మొత్తాన్నీ దాని మీద వచ్చిన లాభాన్నీ తీయించేస్తే ఆ 6 శాతం ఉండదు. సంస్థకి ఫోన్ చేసి ఇది ఎక్సెస్ కాంట్రిబ్యూషన్ తొలగింపు అని చెప్పి వాళ్ల ఫారం మీదే తీయించాలి, కార్డు గీకడమో మామూలుగా బ్యాంకుకి బదిలీ చేసుకోవడమో చేస్తే కాగితం మీద అది మామూలు విత్‌డ్రాయల్ అయిపోతుంది.

పోర్టల్ 8,550 చూపించిందంటే అర్హత ఉందని కాదు. ఆ పోర్టల్‌కి మీ నెలల లెక్క తెలియదు, పాత కంపెనీలో ఎంత వేశారో తెలియదు, మీ ఆవిడ ఎఫ్‌ఎస్‌ఏ తెలియదు. అది ఏడాది పరిమితి దాటకుండా మాత్రమే ఆపుతుంది. ముఖ్యంగా ఏడాదిలో రెండు కంపెనీల్లోనూ హెచ్‌ఎస్‌ఏ ఉన్నవాళ్లు రెండు డబ్ల్యూ-2ల్లోనూ బాక్స్ 12లో డబ్ల్యూ కోడ్ పక్కనున్న అంకెలు కలుపుకోండి. అందులో కంపెనీ వేసినదీ, మీ జీతం లోంచి పన్నుకి ముందు కోసినదీ రెండూ ఉంటాయి. చాలామంది సాఫ్ట్‌వేర్‌లో డబ్ల్యూ-2 ఎక్కించాక, సొంతంగా ఎంత వేశారు అన్న ప్రశ్నకి అదే అంకె మళ్లీ కొడతారు. అలా చేస్తే ఒకే డబ్బు రెండుసార్లు లెక్కకొచ్చి, లేని ఎక్సెస్ చూపిస్తుంది. మీ బ్యాంకు ఖాతా నుంచి నేరుగా వేసినదే అక్కడ రాయాలి.

మధ్యలో ఉద్యోగం పోతే ఏం చేయాలి అని కూడా అడిగారు. అర్హతకి నెల మొదటి తేదీన కవరేజ్ ఉండటమే లెక్క. జూన్ 10న ఉద్యోగం పోయి, ఇన్సూరెన్స్ జూన్ 30 దాకా నడిచి, కొత్త కంపెనీ హై డిడక్టిబుల్ ప్లాన్ జూలై 1న మొదలైతే మీకేం కాలేదు. జూలై ఖాళీ అయి ఆగస్టు 1న మొదలైతే ఆ ఒక్క నెలతోనే టెస్టింగ్ పీరియడ్ తప్పుతుంది. అలాంటప్పుడు ఆ ఒక్క నెలకి పాత ప్లాన్‌ని కోబ్రా (ఉద్యోగం పోయాక కంపెనీ ప్లాన్‌ని సొంత డబ్బుతో ఉంచుకునే ఏర్పాటు) కింద కొనసాగించడం గురించి ఆలోచించొచ్చు. కోబ్రా ఎంచుకోవడానికి 60 రోజుల టైముంటుంది, ఎంచుకుంటే కవరేజ్ పోయిన రోజు నుంచే అమల్లోకి వస్తుంది, కాబట్టి కొత్త ఉద్యోగం తేదీ తేలాక కూడా నిర్ణయించుకోవచ్చు. ఆ ప్రీమియం హెచ్‌ఎస్‌ఏ నుంచే కట్టుకోవచ్చు కూడా. కానీ ఆరు నెలల పాటు కోబ్రా కట్టి టెస్టింగ్ పీరియడ్ కాపాడుకుందాం అనుకోకండి. ఫ్యామిలీ ప్లాన్‌కి కంపెనీ వాటాతో సహా మొత్తం ప్రీమియం మీరే కట్టాలి, పైన 2 శాతం, త్వరలోనే అది మీరు తప్పించుకునే పన్నుని దాటిపోతుంది. ఇన్సూరెన్స్ అవసరమై తీసుకుంటే వేరే విషయం.

కవరేజ్ ఒక్కరి నుంచి ఫ్యామిలీకి మారినవాళ్లు కామెంట్లలో ఉన్నారు, వాళ్ల కోసం క్లుప్తంగా. 2025 జనవరి నుంచి జూన్ దాకా మీరొక్కరే, జూలై 1 నుంచి పెళ్లయ్యో బిడ్డ పుట్టో ఫ్యామిలీ అయితే, నెలల లెక్కన 2,150కి 4,275 కలిపి 6,425. డిసెంబర్ 1న ఫ్యామిలీలో ఉంటే లాస్ట్ మంత్ రూల్ కింద 8,550 కూడా వేసుకోవచ్చు. వచ్చే ఏడాది తిరిగి ఒక్కరి కవరేజ్‌కి మారినా, అది హై డిడక్టిబుల్ ప్లానే అయితే టెస్టింగ్ పీరియడ్ తప్పినట్టు కాదు. భార్యాభర్తలిద్దరికీ వేరువేరు ఖాతాలున్నా ఫ్యామిలీ పరిమితి ఇద్దరికీ కలిపి ఒకటే. 55 దాటినవాళ్లు ఇంకో వెయ్యి వేసుకోవచ్చు, కానీ అది ఎవరిది వాళ్ల పేరున్న ఖాతాలోనే వేయాలి, నెలల లెక్క దానికీ వర్తిస్తుంది. 65 దగ్గరకొచ్చిన పెద్దవాళ్లు లాస్ట్ మంత్ రూల్ జోలికి వెళ్లేముందు మెడికేర్ తేదీ చూసుకోవాలి, 65 దాటాక చేరితే అది ఆరు నెలల దాకా వెనక్కి వెళ్లి మొదలవుతుంది, ఆ నెలలన్నీ అర్హత పోయినట్టే.

మీరు టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి రాష్ట్ర ఇన్‌కమ్ టాక్స్ గొడవ లేదు. ఇది చదివే కాలిఫోర్నియా, న్యూజెర్సీ వాళ్లు మాత్రం గుర్తుంచుకోండి, ఆ రెండు రాష్ట్రాలూ హెచ్‌ఎస్‌ఏకి మినహాయింపు ఇవ్వవు. ఫెడరల్ లెక్కలో తీసేసినది అక్కడ మళ్లీ కలుస్తుంది, ఖాతాలో వచ్చే వడ్డీ మీద కూడా రాష్ట్ర పన్ను ఉంటుంది.

ఇక ఇప్పుడు మీరు చేయాల్సింది. కంపెనీ 500 పోను 2,350 మిగిలింది, అది డిసెంబర్ ఆఖరి జీతం లోపు పేరోల్‌లో పడేలా ఈ వారమే వాటా మార్చండి. డిసెంబర్ 1న ప్లాన్‌లో ఉన్నట్టు చూపే కార్డో, పోర్టల్ పేజీయో ఒక కాపీ దాచుకోండి. ఏప్రిల్ మొదటి వారానికి వీసా సంగతి తేలి ఉండిపోతున్నారనుకుంటే, మిగతా 5,700లో మీకు ఇబ్బంది లేనంత సంస్థ వెబ్‌సైట్ నుంచి నేరుగా వేయండి. అక్కడ ఏ ఏడాదికి అని అడిగే చోట 2025 ఎంచుకోండి, ఏమీ ఎంచుకోకపోతే చాలా చోట్ల అది 2026 కింద పడిపోతుంది. వేశాక రసీదులో ఏడాది సరిగ్గా పడిందో లేదో చూసి, ఆ తర్వాతే రిటర్న్ ఫైల్ చేయండి. పాత కంపెనీలో ఎఫ్‌ఎస్‌ఏ ఉండేదా, దానికి గ్రేస్ పీరియడ్ లాంటిదేమైనా ఉందా అన్నది మీరు రాయలేదు. ఉంటే కింద చెప్పండి, 2,850 అంకె మారుతుందేమో చూసి చెబుతాను.